సభలో పలికిన మాట – ఇంట నిలిచిన నడత

సభ జరుగుట వేరు, సభ ఫలించుట వేరు. భూతాపము నానాటికి పెరుగుచుండగా అనేక దేశముల విశ్వవిద్యాలయములు తమ ద్వారములు తెరచి, ఊరి జనులను పిలిచి, పరిష్కార మార్గములపై చర్చాసభలు నడుపుచున్నవి. ఇది నూతన సంప్రదాయము కాదు. 1970 మార్చిలో అమెరికాయందలి మిచిగన్ విశ్వవిద్యాలయమున విద్యార్థులు పర్యావరణమును గురించి బోధనాసభలు నడిపిరి. ఆ ఏటనే ఏప్రిల్ 22న మొదటి ధరిత్రీ దినము జరిగినది. న్యూయార్క్ రాష్ట్రమునందలి బార్డ్ కళాశాల పూనికతో 2022 మార్చి 30ని లక్ష్యదినముగా పెట్టుకొని పెక్కు దేశముల విద్యాలయములు వాతావరణ మార్పుపై ఇట్టి సభలు జరిపినవి.

ఆ సభలలో చెప్పబడు విషయము స్పష్టమే. బొగ్గు, చమురు కాల్చుటవలన పుట్టిన వాయువులు భూమిని కప్పి వేడిని నిలుపుచున్నవి. తాపము పెరుగుదలను 1.5 డిగ్రీల వద్ద నిలుపుటకు ప్రయత్నింపవలెనని 2015లో పారిస్ నగరమున దేశములు ఒప్పుకొన్నవి. కాని 2024వ సంవత్సరపు సగటు తాపము, పారిశ్రామిక యుగమునకు పూర్వమున్న దానికంటె 1.5 డిగ్రీలకు మించినదని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించినది. తెలియనిది లేదు, చేసినది మాత్రము చాలదు. ఇచ్చటనే ధర్మసందేహము పుట్టుచున్నది: తెలిసియు చేయనివాని దోషమెట్టిది? పరిష్కారమును గూర్చి మాటలాడుట పరిష్కారమగునా?

ఈ ప్రశ్నకు పోచంపల్లి చరిత్రలో ఒక సమాధానమున్నది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ గ్రామమునకు వచ్చినప్పుడు, భూమి లేని దళిత కుటుంబములు తమకు 80 ఎకరములు కావలెనని కోరినవి. ఆయన గ్రామస్థులనే అడిగెను: మీలో ఎవరైన ఈయగలరా యని. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరములు ఇచ్చెదననెను. భూదానోద్యమము అచ్చటనే పుట్టినది. ఆ సభను గొప్పదానిగా చేసినది ఉపన్యాసము కాదు, ఒకడు లేచి నిలుచుట.

అయితే చరిత్రను సగము చదువరాదు. ఆ ఉద్యమమున లభించిన భూమిలో పెద్ద భాగము దేశమందు పంపిణీ కాకయే మిగిలినది. కొన్ని చోట్ల వివాదములపాలైనది. దానమిచ్చెదనన్న మాట విత్తనము వంటిది. దున్ని, నీరు పెట్టి, కలుపు తీయనివానికి విత్తనము పంటనీయదు. కాబట్టి సభకు రెండు పరీక్షలు: అందు ఎవరేమి విడిచిరి? విడిచినది చేరవలసిన చోటికి చేరినదా?

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును. భూమికి యజమాని యున్నాడు గనుక ఈయగలిగెను. ఆకాశమునకు యజమాని ఎవడు? ఒక్క ఇంటి పొదుపువలన లోకము చల్లబడునా? ఆయ్దక్కి లక్కమ్మ కథ దీనికి జవాబు చెప్పును. రాలిన బియ్యపు గింజలేరుట ఆమె భర్త మారయ్య కాయకము. ఒకనాడతడు అవసరమునకు మించి తెచ్చెను. ఎక్కువైనది ఎక్కడిదక్కడ పోసి రమ్మని లక్కమ్మ పంపెను. ఆ గుప్పెడు గింజలవలన కల్యాణ నగరపు ఆకలి తీరునా యని ఆమె లెక్కింపలేదు. తమది కానిది తమ ఇంట నుండరాదని మాత్రమే తలచెను. లోకమెంత మారునన్న లెక్క తెలియకపోవచ్చును. తన వంతెంతయో తెలిసికొనుట కష్టము కాదు.

వంతు అందరికిని సమానము కాదనుట గూడ న్యాయమే. పోచంపల్లి నేతగాని గుంటమగ్గము చేతిబలముతో, కాలిబలముతో ఆడును. దానికి పొగ లేదు. కాని కుండపోత వానలు కురిసి గుంటలో నీరూరినప్పుడు మొదట పని నిలుచునది అతనికే. తప్పులో తక్కువ పాలున్నవానికి శిక్షలో ఎక్కువ పాలు పడుట అధర్మము. అట్టివానికి పొదుపు బోధించుటకు ముందు, ఎక్కువ వాడుకొన్నవారు తమ వాడుక తగ్గించుకొనవలెను. అద్దకపు రంగునీటిని చెరువులో కలియనీయకుండుట మాత్రము నేతగాని వంతే.

నల్లగొండయందలి మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము, మహబూబ్‌నగర్ యందలి పాలమూరు విశ్వవిద్యాలయము వంటివి ఇట్టి సభలను గ్రామములకు తెచ్చినచో మేలు. అప్పుడు పండితుడు మొదట వినవలెను. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం పెద్ద చదువు లేనివాడు. ఆసు పోయుటలో తల్లి పడిన భుజముల నొప్పి చూచి 1999 నాటికి ఆసుయంత్రమును సిద్ధపరచెను. బాధను దగ్గరగా చూచినవానికి ఉపాయము తోచును. అట్టివాడు సభలో శ్రోతగా గాక ఆచార్యుడుగా కూర్చుండవలెను. సభాంతమున విద్యాలయము తానేమి తగ్గించుకొనునో చెప్పవలెను. మరుసటి ఏటి సభ ఆ లెక్క చదువుటతో మొదలుకావలెను.

ఈ నియమము మఠములకును గృహములకును వర్తించును. జాతరలో దీపాల తోరణము ఎన్ని గంటలు వెలుగవలెను? వివాహమున విస్తరిలో ఎంత అన్నము వృథా పోవుచున్నది? ఊరి చెరువు పూడిక తీయుటకు ఇంటికొక మనిషి వచ్చుచున్నాడా? ఇవి చిన్న ప్రశ్నలు. లక్కమ్మ అడిగినదియు చిన్న ప్రశ్నయే. నుడికిని నడతకును నడుమనున్న దూరమును ఎవరి ఇంటిలో వారు కొలుచుకొన్ననాడు సభ ఫలించినట్లు.