తిండి ధ్యాస – ఆకలా, తృష్ణా?

 

ధమ్మం గురించి కూర్చుని మాట్లాడుకునేటప్పుడు దుఃఖం అంటాం, తృష్ణ అంటాం, అష్టాంగ మార్గం అంటాం. కానీ రాత్రి పదకొండింటికి ఇంట్లో అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్లి, లైటు కూడా వేసుకోకుండా గిన్నెలో మిగిలిన అన్నమంతా గబగబా తినేసి, ఆ తర్వాత కూర్చుని ఏడ్చే మనిషికి ఈ మాటల్లో ఏం దొరుకుతుంది? ఈ ప్రశ్న విహారంలో నలుగురి ముందు ఎవరూ అడగరు. సిగ్గు. వందన అయిపోయాక, చెప్పులు వేసుకునే చోట పక్కకు పిలిచి అడుగుతారు. ఎక్కువగా ఆడవాళ్లు, ఈ మధ్య కుర్రాళ్లు కూడా. "అక్కా, లేచిన దగ్గర్నుంచీ తిండి మీదే ధ్యాస. టిఫిన్ తింటూనే మధ్యాహ్నం ఏం తినాలా అని ఆలోచిస్తుంటా. కడుపు నిండినా చెయ్యి ఆగదు. ఇది తృష్ణే కదా? మరి నేను ధమ్మంలో లేనట్టేనా?"

మీరు ధమ్మంలోనే ఉన్నారు. ముందు ఆ భయం పక్కన పెట్టండి.

"అవును, తృష్ణే. కోరికను జయించు" అని తొందరపడి తీర్పు చెప్పేవాళ్లు మనలో ఉన్నారు. నాకు ఆ జవాబు నచ్చదు. తిండి పేరు మీద తరతరాలుగా తిట్లు తిన్నవాళ్లం మనం. తిండిపోతులని, కక్కుర్తి మనుషులని, ఎంత పెట్టినా వీళ్లింతేనని ఊరు మనకు పెట్టిన పేర్లు మర్చిపోయామా? అదే తిట్టును పాళీ మాటల్లోకి మార్చి మన చెల్లెలికి మనమే అంటగడితే, అది ధమ్మోపదేశం ఎలా అవుతుంది? అందుకే అసలు ప్రశ్న ఇలా పెట్టుకోవాలి: కడుపునిండా తినడం ఎరగని వాళ్ల పిల్లలకు "మితంగా తిను" అని చెప్పే హక్కు ఎవరికుంది? చెప్పక తప్పకపోతే ఎలా చెప్పాలి?

బుద్ధుడు ఇద్దరు మనుషుల దగ్గర నడుచుకున్న తీరు చూడండి.

ఒకరు ఆళవి అనే ఊరి పేద రైతు. ఈ కథ ధమ్మపద అట్ఠకథలో ఉంది. బుద్ధుడు తమ ఊరికి వస్తున్నాడని తెలిసి, ఆయన మాట వినాలని రైతు ఆశపడ్డాడు. తీరా ఆ పొద్దునే అతని ఎద్దు తప్పిపోయింది. ఎద్దు లేకపోతే బతుకే లేదు కదా. వెతికి వెతికి, దాన్ని పట్టుకొచ్చి మందలో కలిపి, ఆకలితో సోలిపోతూ వచ్చి నిలబడ్డాడు. అప్పటికే భోజనాలు అయిపోయి జనమంతా ఉపదేశం కోసం కూర్చున్నారు. బుద్ధుడు మాత్రం నోరు విప్పలేదు. ఆ రైతు కోసమే ఆగాడు. రాగానే ముందు అతనికి అన్నం పెట్టించాడు. అతను తిని, మనసు కుదుటపడ్డాకే ధమ్మం చెప్పాడు. బుద్ధుడంతటివాడు ఒక మామూలు మనిషి భోజనం సంగతి పట్టించుకోవడమేంటని కూడా ఉన్న భిక్షువులు గొణుక్కున్నారు. ఆకలిని మించిన రోగం లేదని, ఆ బాధలో ఉన్నవాడికి ఏ మాటా చెవికెక్కదని ఆయన వాళ్లకు వివరించాడు.

రెండో మనిషి కోసల రాజు పసేనది. ఇది సంయుత్త నికాయంలోనిది. ఆయన దోణం అనే పెద్ద కొలతతో బియ్యం వండించుకుని తినేవాడు. ఒకరోజు అలా తిని, ఆయాసపడుతూ వచ్చి బుద్ధుడి పక్కన కూర్చున్నాడు. బుద్ధుడు ఉపవాసం ఉండమనలేదు. సిగ్గు లేదా అనలేదు. ఎరుకతో, కొలత తెలిసి తినేవాళ్లకు బాధలు తగ్గుతాయని అర్థమొచ్చేలా ఒక చిన్న గాథ చెప్పాడు. రాజు వెనక సుదస్సనుడనే కుర్రాడు నిలబడి ఉన్నాడు. ఆ గాథ నేర్చుకుని రోజూ తాను భోంచేసే వేళకు వినిపించమని, అందుకు రోజుకు నూరు కహాపణాలు ఇస్తానని రాజు అతనితో చెప్పాడు. రోజులు గడిచేకొద్దీ రాజు దోణం నుంచి నాళికకు, అంటే చాలా చిన్న కొలతకు, దిగాడు. ఒళ్లు తేలికపడింది.

ఒకరికి అన్నం, ఇంకొకరికి ఎరుక. గురువు ఒక్కడే, మందులు రెండు. మన చిక్కేమిటంటే ఆళవి రైతూ కోసల రాజూ ఇద్దరూ మన ఒక్క ఒంట్లోనే కాపురం ఉంటున్నారు. రైతుకు రాజు మందు వేస్తే ఆకలి పెరుగుతుంది. రాజుకు రైతు మందు వేస్తే షుగర్ పెరుగుతుంది.

రైతు మన ఒంట్లోకి ఎలా వచ్చాడో మీకు తెలుసు. గంజి, గటక, సంకటితో బతికిన తాతలు. పండక్కి మాత్రమే వరన్నం. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాక గానీ మన వాడల్లో చాలా ఇళ్లల్లో రోజూ వరన్నం ఉడకలేదు. అందుకే మనకు తెల్లన్నం అంటే కడుపు నింపే తిండి ఒక్కటే కాదు, అది గౌరవం కూడా. తర్వాత సాంఘిక సంక్షేమ హాస్టళ్లు. పళ్లెం పట్టుకుని లైన్లో నిలబడితే, వెనక ఉన్నవాళ్లకు సాంబారులో నీళ్లే. గుడ్డు పెట్టే రోజు కోసం వారమంతా ఎదురుచూపు. "తొందరగా తినేయ్, మళ్లీ దొరుకుతుందో లేదో" అన్న పాఠం అక్కడ ఒంటికి పట్టింది. ఉద్యోగం వచ్చినా, ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చినా ఆ పాఠం పోదు. నమలకుండా మింగడం, పళ్లెంలో ఒక్క మెతుకు వదల్లేకపోవడం, పెళ్లిలో మారు వడ్డిస్తుంటే వద్దనలేకపోవడం చూసి లోభం అంటారు. నేను జ్ఞాపకం అంటాను.

అర్ధాకలి మనసును ఏం చేస్తుందో చూసిన ప్రయోగం ఒకటుంది. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు, వాళ్ల ఇష్టంతోనే, ఆరు నెలల పాటు తిండిని దాదాపు సగానికి తగ్గించాడు. వాళ్లు మనిషిని చంపడానికి ఒప్పుకోక యుద్ధానికి వెళ్లనన్నవాళ్లు. నియమం లేని మనుషులని ఎవరూ అనలేరు. అలాంటివాళ్లకు కూడా మాటల్లో తిండి, కలల్లో తిండి. వంటల పుస్తకాలు ముందేసుకుని చదివారు. పళ్లేలు నాకారు. ప్రయోగం ముగిశాక పొట్ట పట్టనంత తిని, ఇంకా ఆకలి తీరలేదన్నవాళ్లు ఉన్నారు. ఆరు నెలల అర్ధాకలే ఇంత చేస్తే, బాల్యమంతా అర్ధాకలైనవాళ్ల సంగతి మీరే లెక్కేసుకోండి.

ఇవాళ అదే ప్రయోగం కొందరు ఇంట్లో మొదలుపెడుతున్నారు. లావయ్యానని పొద్దున టిఫిన్ మానేస్తారు, మధ్యాహ్నం రెండు పుల్కాలతో సరిపెడతారు, సాయంత్రం దాకా పళ్లు బిగబట్టుకుంటారు. రాత్రికి వంటింటి మీద పడతారు. పొద్దున సిగ్గుపడి మళ్లీ పస్తు. ఆ పస్తే రాత్రి దాడికి కారణమని చూడరు. ఉరువేల అడవిలో సిద్ధార్థుడు ఆరేళ్లు ఒళ్లు ఎండగట్టుకుని తెలుసుకున్నది ఇదే. ఎండిన ఒంటితో స్పష్టంగా ఆలోచించలేమని గ్రహించి సుజాత తెచ్చిన పాయసం తీసుకున్నాడు. అతను చెడిపోయాడని తోటి తపసులు ఐదుగురూ వదిలి వెళ్లారు. వెళ్తే వెళ్లారు. లండన్‌లో చదివే రోజుల్లో బాబాసాహెబ్ చాలీచాలని తిండితో చదివాడని పిల్లలకు చెప్తుంటాం. మంచిదే. అయితే డబ్బు లేక ఆయన పస్తు పడ్డాడు, వ్రతం పట్టి కాదు. ఆ కష్టాన్ని మనం ఆదర్శంగా మార్చి పిల్లల నెత్తిన పెట్టకూడదు.

ఇక రాజు సంగతి. కడుపుకు ఆకలి లేనప్పుడు తినేది ఈయనే. ఈ రాజు భోగం కోసం తింటాడనుకుంటే పొరపాటు. స్టాఫ్‌రూమ్‌లో టిఫిన్ బాక్సు తెరవగానే పక్కావిడ ముక్కు మూసుకుని కుర్చీ జరుపుకుంటుంది. అద్దె ఇంటికి వెళ్తే "మీరేవిట్లు?" అని అడిగి, మొన్ననే ఇచ్చేశామంటారు. ప్రమోషన్ వస్తే కోటా అంటారు. అక్కడ నోరెత్తలేం. ఇంటికొచ్చి, పెద్ద బిరియానీ ఆర్డర్ పెట్టి, తలుపేసుకుని తింటాం. అనాల్సిన మాట గొంతులో ఆగిపోయింది కదా, దాన్ని ముద్దతో కిందికి తోస్తున్నాం. ఆ కాసేపు నిజంగానే హాయిగా ఉంటుంది. కాదనను. కానీ తెల్లారేసరికి అవమానం అక్కడే ఉంటుంది, దాని మీద ఇంకో సిగ్గు వచ్చి కూర్చుంటుంది.

వేదన నుంచి తృష్ణ పుడుతుందని ప్రతీత్య సముత్పాదంలో చదువుకున్నాం. వేదన అంటే ఇక్కడ ఏడుపు ఒక్కటే కాదు. సుఖంగా ఉండేది, దుఃఖంగా ఉండేది, రెండూ కానిది అని మూడు రకాల అనుభూతి. ఈ మూడోది గుర్తుపెట్టుకోండి. ఏమీ తోచకపోవడం, మధ్యాహ్నం మూడింటి ఖాళీ, ఫోన్ తిప్పుతూ మిక్చర్ డబ్బా ఖాళీ చేయడం ఇందులోకే వస్తాయి. చెయ్యి డబ్బా మీదకు పోయినప్పుడు ఒక్క శ్వాస పాటు ఆగి, ఇప్పుడు నాలో ఉన్నది ఏంటని చూడండి. కడుపు ఆకలి మెల్లగా వస్తుంది, పచ్చడి మెతుకులైనా చాలంటుంది. మనసు ఆకలి చటుక్కున వస్తుంది, అదే కావాలంటుంది, ఇప్పుడే అంటుంది. కడుపు ఆకలైతే కూర్చుని, పళ్లెంలో పెట్టుకుని, నిమ్మళంగా తినండి. రైతుకు అన్నం పెట్టాల్సిందే. మనసు ఆకలైతే దాని పేరు పైకి చెప్పండి: "పొద్దున వాడన్న మాటకు ఒళ్లు మండుతోంది." పేరు పెట్టాక కూడా తినాలనిపిస్తే తినండి. చూస్తూ తిన్నది, చూడకుండా తిన్నదీ ఒకటి కావు.

1927 మార్చిలో మహాడ్‌లో బాబాసాహెబ్ మనవాళ్లకు చచ్చిన పశువు మాంసం మానమని, ఊరు పడేసే ఎంగిలి ముట్టొద్దని చెప్పాడు. ఓంప్రకాశ్ వాల్మీకి తన ఆత్మకథ 'జూఠన్'లో, పెళ్లి భోజనాల దగ్గర పెద్దమనిషి అవమానిస్తే ఎంగిలి బుట్టను అక్కడే కుమ్మరించి వచ్చేసిన తల్లి గురించి రాశాడు. ఊరి ఎంగిలి మనం మానేశాం. మరి ఇంట్లో ఎంగిలి? పిల్లలు వదిలిన అన్నం, ఆయన వదిలిన కూర, గిన్నె అడుగున మాడింది, రాత్రిది పొద్దున, పారేయడానికి మనసొప్పక ఎవరు తింటున్నారు? అందరి తర్వాత, నిలబడి, గిన్నెలు సర్దుకుంటూ తినేది ఎవరు? ఆ మనిషికి మధ్యాహ్నం సరిగా భోజనమే లేదు. రాత్రి ఆమె ఆగకుండా తింటే తృష్ణ అంటారా? బౌద్ధ కుటుంబమని గడప మీద నీలి జెండా కట్టుకున్న ఇళ్లల్లో కూడా ఇదే చూస్తున్నాను. మగవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవాలి.

మద్యం వదిలినట్టు దీన్నీ ఒక ప్రతిజ్ఞతో వదిలేయొచ్చు కదా అని కొందరంటారు. కుదరదు. మద్యాన్ని పూర్తిగా మానేసి బతకొచ్చు, 22 ప్రతిజ్ఞల్లో అది ఉంది. తిండి మానేసి బతకలేం, రోజుకు మూడుసార్లు దాని ముందు కూర్చోవాల్సిందే. 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ నియమానికీ సూత్రానికీ తేడా చెప్పాడు. నియమం ఇలా చెయ్ అని ఆజ్ఞాపిస్తుంది. సూత్రం ఆలోచించుకోవడానికి ఆధారం ఇస్తుంది, బాధ్యత మనకు వదులుతుంది. "ఇక స్వీటు ముట్టను" అనేది నియమం. ఒక్క లడ్డూతో అది విరిగిపోతుంది. విరిగింది కదా అని డబ్బా అంతా తినేస్తాం. భోజనంలో కొలత తెలిసి ఉండటం సూత్రం. లడ్డూ తిన్నా అది విరగదు, తర్వాతి ముద్ద దగ్గర మళ్లీ దొరుకుతుంది.

అన్నీ మనసులోనే తేలవు. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది. షుగర్, థైరాయిడ్, కొన్ని రకాల మందులు కూడా ఆకలిని మారుస్తాయి, పరీక్ష చేయించుకోండి. వారం వారం ఇలా ఆపుకోలేకుండా తినడం, దాచిపెట్టుకుని తినడం, తిన్నది బలవంతంగా కక్కడం ఉంటే అది వైద్యం ఉన్న జబ్బు. ధ్యానం చాలదు, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఉపోసథ రోజున అష్టశీలాలు పాటించేవాళ్లు మధ్యాహ్నం దాటాక తినరు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా ఆ శీలం తీసుకోవద్దు. రాత్రి తిండితో పోరాడుతున్నవాళ్లు కూడా కొంతకాలం దాని జోలికి పోకండి.

పసేనదికి సుదస్సనుడు ఉన్నాడు. మీకెవరున్నారు? మందలించేవాళ్లు, బరువు చూసి నవ్వేవాళ్లు పనికిరారు. పక్కన కూర్చుని తినేవాళ్లు కావాలి. మా మండలంలో పౌర్ణమి భోజనాలకు ఈ మధ్య ఒక పద్ధతి పెట్టుకున్నాం. వండేది అందరూ, వడ్డించేది మగవాళ్లు. మొదటి బంతిలో ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు. మొదటి ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడరు, పళ్లెం వైపు చూస్తూ తింటారు. మారు వడ్డించేటప్పుడు బలవంతం ఉండదు, వద్దంటే వద్దే. మొదటి నెల ఆడవాళ్లు కూర్చోవడానికే మొహమాటపడ్డారు, నాలుగు ముద్దలు తిని లేచి గరిటె అందుకోబోయారు. చేతిలోంచి గరిటె లాక్కుని మళ్లీ కూర్చోబెట్టాల్సి వచ్చింది. మీ విహారంలో కూడా వచ్చే పౌర్ణమికి పెట్టి చూడండి. బియ్యం కొలత వేసేటప్పుడు కొంచెం ఎక్కువే వేయండి, ఆడవాళ్లు కూర్చుని తింటే ఎంత అన్నం కావాలో చాలామంది మగవాళ్లకు తెలియదు.