చింతపండు ఎంత నానెయ్యాలి?
కీమో ఎక్కించుకుని వచ్చిన మా పెద్దమ్మ రాత్రంతా నొప్పిని పంటి బిగువున ఓర్చుకుంది. "పొద్దున్నే పనికి పోయే పిల్లలు, వాళ్లకి జాగారమెందుకురా" అంది. క్యాన్సర్ వచ్చినవాళ్లలో చాలామందిది ఇదే తీరు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వైద్యం ఖర్చు మోస్తుంది, సరే. ఆసుపత్రికి తోడొచ్చిన కొడుకు పోగొట్టుకున్న కూలిని మాత్రం తల్లి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది. భారమైపోయాననుకున్న మనిషి ముందుగా దాచేది నొప్పినే. డాక్టరుకు చెప్పని నొప్పికి మందెక్కడిది?

"నువ్వేం భారం కాదు" అంటే పెద్దమ్మ నమ్మలేదు. నేనైనా నమ్మను. మా వదిన వంటింట్లోంచి కేకేసింది: "అత్తయ్యా, పులుసులోకి చింతపండు ఎంత నానెయ్యమంటారు?" పెద్దమ్మ లేచి కూర్చుంది.

మీ ఇంట్లోనూ అలాంటి మనిషి ఉంటే ఈ పూట ఏదో ఒక సలహా అడగండి. రాత్రి నొప్పి వచ్చిందా అని కూడా అడగండి.