వ్రతము - న్యాయస్థానము

1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ఆంధ్రప్రదేశ్‌ను వీడి మద్రాసు రాష్ట్రములో చేరెను. అంతవరకు హైదరాబాదు హైకోర్టు క్రిందనున్న ఊరు మద్రాసు హైకోర్టు క్రిందికి వచ్చెను. హద్దు జరిగినచో కచేరీ మారును, కోర్టు మారును. కాని తిరుత్తణి శ్రావకుడు పట్టిన వ్రతమును, తిరువళ్ళూరు శ్రావకుడు పట్టిన వ్రతమును నాడును నేడును ఒక్కటే. అట్టి వ్రతముపై తీర్పు చెప్పవలసినవారెవరు?

సల్లేఖన విషయమున ఈ ప్రశ్న మన ముంగిటికి వచ్చినది. శ్వేతాంబరులు దీనినే సంథారా యందురు. ఇది మతమునకు ముఖ్యమైన ఆచారమని రుజువు కాలేదనియు, దీనిని ఆత్మహత్యగానే ఎంచవలెననియు 2015 ఆగస్టు 10న రాజస్థాన్ హైకోర్టు తీర్పు చెప్పెను. అదే నెల 31న సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసెను. మతమునకు ఏది ముఖ్యమో ఆ మతసిద్ధాంతములనుబట్టియే ప్రధానముగా తెలిసికొనవలెనని సుప్రీంకోర్టు 1954లోనే, మద్రాసు దేవాదాయ శాఖకును శిరూరు మఠమునకును నడచిన వ్యాజ్యములో చెప్పియుండెను.

మరి మన సిద్ధాంతమేమి? తప్పింపరాని ఆపద, కరవు, ముదిమి, మందులేని రోగము వచ్చినపుడే సల్లేఖన యని సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారములో విధించిరి. తత్త్వార్థసూత్రములో ఉమాస్వాతి దీనికి ఐదు అతిచారములు చెప్పిరి. బ్రతుకవలెనను ఆశ అందొకటి. చావవలెనను ఆశ మరియొకటి. ఆత్మహత్యకు మూలము చావుకోరిక. మన శాస్త్రము ఆ కోరికనే దోషమనుచున్నది.

అయినను కోర్టు అనుమానమును మనము తేలికగా త్రోసివేయరాదు. మనస్సులోని భావము జడ్జికి కానరాదు. మంచముపట్టిన ముసలితల్లి అన్నము మానినది ఆత్మశుద్ధికొరకా, లేక ఇంటివారికి బరువైతినను బాధచేతనా? రెండవదే నిజమైనచో అది వ్రతము కాదు, మనము చేసిన హింస.

వర్తకులమైన మనకు తూకము సంగతి తెలియును. అమ్మువాడొక్కడే త్రాసు ముల్లు చూచినచో కొనువాడు ఒప్పుకొనడు. అట్లే ఆస్తికి వారసులైనవారి మాట ఒక్కటే ఈ వ్రతమునకు సాక్ష్యము కారాదు. గురువు అనుజ్ఞ, వైద్యుని మాట, వ్రతము పట్టువారి స్వంత నోటిమాట, ఈ మూడును ఉండవలెను. నడుమ ఎప్పుడైనను వారు ఆకలియని ఒక్కమాట యన్నచో, ఊరివారేమందురో యని వెరవక గ్లాసెడు పాలు అందించుటయే అహింస. ఇంతటి జాగ్రత్త మన ఇండ్లలో మనమే పాటించిననాడు, ఏ కోర్టులోనైనను తల యెత్తి సమాధానము చెప్పగలము.