ఆరోహణమున నాది యేది?

మానవుడు స్వయముగా సాధించితినని చెప్పుకొను కార్యములలో పర్వతారోహణమంత నిస్సందేహముగా తనదై కనబడునది మఱియొకటి లేదు. ధనార్జనమున అదృష్టమునకును, విద్యార్జనమున గురువులకును, కీర్తియందు లోకుల యౌదార్యమునకును కొంత పాలు పంచియీయక తప్పదు. కొండ యెక్కినవాడు మాత్రము తన కాళ్లతో నెక్కెను, తన యూపిరితో నెక్కెను గనుక ఆ యౌన్నత్యము కేవలము తనదేయని నిశ్చింతగా దలచును. ఆఫ్రికాఖండమున కెల్ల నున్నతమైన కిలిమంజారోను గైడుల వెంట నెక్కి దిగిన పిమ్మట ఆ నిశ్చింత నాకు మిగులలేదు.

టాంజానియాలో, భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దక్షిణమున, ఏ పర్వతశ్రేణికిని చెందక మైదానమునుండి ఏకాకిగా లేచిన పర్వతమిది. షీరా, మావెంజీ, కీబో యను మూడు అగ్నిపర్వతముల సంపుటి. వానిలో కీబో బిలపుటంచుననున్న ఉహురు శిఖరము 5,895 మీటర్ల యెత్తు గలది. 1848లో రెబ్మాన్ అను జర్మను మతప్రచారకుడు దీని తలపై మంచును జూచి లోకమునకు తెలుపగా, భూమధ్యరేఖ చెంత మంచెట్లుండునని ఐరోపాలోని భూగోళపండితులు కొందఱు నమ్మరైరి. సాధారణమార్గములలో త్రాళ్లతోను మంచుగొడ్డళ్లతోను పనిలేదు. ఆరోగ్యమును ఓర్పును గలవాడు నడచియే శిఖరము చేరవచ్చును. అహంకారమునకు ఇంత సులభముగా తావిచ్చు పర్వతముపై, గైడు లేనిదే యెవ్వరును ఎక్కరాదని అచ్చటి జాతీయోద్యానపు శాసనము విధించుట నాకు మిక్కిలి యుచితముగా దోచెను.

గైడుతోనే సరిపోదు. ఆరోహకుడొక్కనికి ఇద్దఱు ముగ్గురు పోర్టర్లు, వారికి తోడు వంటవాడు. డేరాలను, వంటపాత్రలను, సంభారములను, మనిషికి 20 కిలోలకు మించరాదను నియమమునకు లోబడి తలలపై నెత్తుకొని, మాకంటె ఆలస్యముగా బయలుదేరి, దారిలో మమ్ము దాటిపోయి, మేము చేరునప్పటికి డేరాలు వేసి వేడినీళ్లు సిద్ధపఱచి యుండువారు. నా వీపున నుండినవి నీళ్లసీసాయు వానకోటును మాత్రమే. జాతరలో తండ్రి భుజములపై గూర్చున్న బాలుడు జనమందఱికంటె తానే పొడుగరినని మురియుట చూచి నవ్వుకొందుము. కాని ఆ పిల్లవాడు క్రిందికి జూచినచో తండ్రి తలయైన గనబడును. నన్ను మోసినవారో, నాకంటె ముందే సాగిపోయి కంటికి మఱుగైరి.

చరిత్రయు వారి నిట్లే మఱుగుపఱచును. 1889 అక్టోబరు 6న ఈ శిఖరమును మొదట చేరినవారుగా జర్మను భూగోళవేత్త హన్స్ మేయరును, ఆస్ట్రియా ఆరోహకుడు లుడ్విగ్ పుర్ట్‌షెల్లరును ప్రసిద్ధులు. అంతకుముందు విఫలుడై మరలిన మేయరు, ఈసారి నడుమ నడుమ శిబిరములు నిలిపి, క్రిందినుండి స్థానికులచే ఆహారము తెప్పించుకొనియే విజయము గనెను. వారికి దారి చూపెనని చెప్పబడు చగ్గాజాతి యువకుడు యోహాని కిన్యాలా లావువో పేరు లోకమున వినవచ్చుటకు ఇంచుమించు నూఱేండ్లు పట్టెను. మేయరు ఆ శిఖరమునకు తన చక్రవర్తి పేరు పెట్టెను. దేశము స్వతంత్రమైన కాలమున అది ఉహురు ఆయెను. పేరులు మాఱినవి, మోత మాఱలేదు.

అయినను అహంకారమునకు ఒక యాశ్రయము మిగిలియున్నది: బరువును పరులు మోయవచ్చును, దారిని పరులు చూపవచ్చును, ఊపిరిని మాత్రము ఎవడును ఎరువీయలేడు గదా! శిఖరమున ఒక్కొక్క శ్వాసకు లభించు ప్రాణవాయువు సముద్రతీరమున లభించుదానిలో దాదాపు సగమే. కావుననే గైడు "పోలే పోలే" (మెల్లగా, మెల్లగా) యని మందలించుచు మా వేగమును తన యధీనమున నుంచుకొనెను. మచామే మార్గమున 4,600 మీటర్ల యెత్తుననున్న లావా టవరు దాక నెక్కించి, ఆ రాత్రి నిద్రకు 4,000 మీటర్లకు దిగువనున్న బరాంకో శిబిరమునకు మరల దింపెను. పగలెల్ల సంపాదించిన యెత్తును సాయంకాలమునకే విడిచిపెట్టుట మొదట అన్యాయముగా దోచును. ఆ దిగుటలోనే దేహము నేర్చుకొనుచున్నదని పిదప బోధపడును. శ్వాస తనంతట లోతగును. మూత్రపిండములు రక్తమందలి క్షారమును విసర్జించి ఆ లోతైన శ్వాసకు వీలు కల్పించును. ఇది యంతయు నా సంకల్పముతో నిమిత్తము లేకయే, చాలవఱకు నేను నిద్రించుచుండగానే జరిగెను. సంకల్పము చేయగలిగినది త్వరపడి దానిని చెఱచుట యొక్కటే. కాబట్టి ఎరువీయరాని యూపిరి సైతము నేను కర్తనై నడపినది కాదు.

మఱి నాది యేది? దీనికి సమాధానము ప్రతిసాయంకాలము భోజనపు డేరాలో దొరకెను. గైడు నా వ్రేలికి చిన్నయంత్రమును తగిలించి రక్తమందలి ప్రాణవాయువును కొలిచి, పిమ్మట అడుగువాడు: తలనొప్పి కలదా, ఆకలి యగుచున్నదా, నిద్ర పట్టినదా? యంత్రము ప్రాణవాయువును కొలువగలదు గాని తలనొప్పిని కొలువజాలదు. నొప్పికి సాక్షి దాని ననుభవించువాడొక్కడే. క్రిందికి పంపివేయుదురను భయమున దానిని దాచువారును ఉందురు. దాచినచో మెదడునందో ఊపిరితిత్తులయందో నీరు చేరి ప్రాణముమీదికి రావచ్చును. ఇందఱి శ్రమయు, గైడు అనుభవమంతయు, ఆ క్షణమున ఆరోహకుని సత్యవాక్యముపై ఆధారపడి నిలుచును. కర్తృత్వము పదిమందికి పంపకమైపోయెను. సాక్షిత్వము మాత్రము పంచియీయరానిదై నాయందే మిగిలెను. కర్తృత్వమును అహంకారమునకు వదలి ఆత్మను సాక్షిమాత్రముగా నిలిపిన వేదాంతుల విభాగము, ఆ డేరాలో నాకు నిత్యజీవనపుటక్కరగా గనబడెను.

బరాఫు శిబిరమునుండి అర్ధరాత్రి బయలుదేరి, నుదుటిదీపపు వెలుగులో గైడు మడమలను తప్ప మఱేమియు జూడక గంటలకొలది నడచి, తెల్లవాఱునప్పటికి స్టెల్లా పాయింటు చేరి, బిలపుటంచు వెంట ఉహురునకు పోతిమి. 1912నాటి మంచులో నాలుగింట మూడుపాళ్లకు మించిన భాగము నేటికి మాయమైనది. మిగిలిన మంచుగోడలు ప్రభాతకాంతిలో మెఱయుచుండెను. ఆనందము కలుగలేదనుట అసత్యము. అయినను తల బరువెక్కుచున్నదని నేను నిజము చెప్పగా, గైడు ఫోటో తీయుటకు మించి యొక్క నిమిషమైన నిలువనీయక నన్ను క్రిందికి దింపెను.

యాత్రాంతమున పోర్టర్లకు బహుమానములు పంచు ఆచారము కలదు. ధనముతో కూలి తీరును. కీర్తివిషయమున ఋణము తీరదు, ఏలయన ఇంటికి వచ్చి కథ చెప్పువాడను నేనొక్కడనే. కొండపై నొప్పినిగూర్చి నిజము చెప్పవలసిన సాక్షియే, క్రిందికి వచ్చి శ్రమనుగూర్చియు నిజము చెప్పవలయును. కిలిమంజారో నెక్కితిరట గదాయని యెవరైన నడిగినపుడు, మోసినవారిని, వండినవారిని, దారి చూపినవారిని ముందుగా జెప్పి, నేను వారి వెంట నడచితినని చివర జేర్చుదును. వినువారికి కథ కొంత చప్పబడినను బడుగాక.