చీకటి పడ్డాక అద్దం

ఉప్పాడలో చీర కొనేవాళ్ళు కొట్లో లైటు కింద రంగు తేల్చుకోరు. మడత విప్పి, గడప దాటి, ఎండలో పట్టుకుని చూస్తారు. జాందానీ పువ్వు రెండు వైపులా ఒకేలా ఉండాలి కాబట్టి తిప్పి కూడా చూస్తారు. నాసిరకం ఎల్‌ఇడిలో ఎరుపు పాలు తక్కువ, ముదురెరుపు మట్టిరంగులా కనబడుతుంది. వాళ్ళకి ఎవరూ ఈ ఫిజిక్స్ చెప్పక్కర్లేదు.

పాత చర్చిల్ని బాగుచేసి కొత్త లైట్లు పెట్టడం గురించి ఆలోచిస్తే ఇదే గుర్తొస్తుంది. చీరనైతే బయటికి తెచ్చుకుంటాం. గోడనీ, గాజునీ తేలేం. మనం ఏ వెలుతురు పెడితే అందులోనే చూడాలి.

మెదక్ చర్చి సంగతే తీసుకోండి. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ కల్పిస్తూ కట్టించిన ఆ చర్చిని 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. అందులో మూడు రంగుటద్దాల కిటికీలు: క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం. రాత్రిపూట లోపల ఎన్ని లైట్లేసినా ఆ బొమ్మలు కనబడవని గొప్పగా చెప్తారు. అందులో వింతేం లేదు. వెలుగు గాజు గుండా మనవైపు రావాలి, అంతే. బయట చీకటైతే లోపలివాళ్ళకి అది నల్లటి పలక. కానీ లోపల లైట్లు వెలుగుతున్నంతసేపూ అదే బొమ్మ బయట నిలబడ్డవాళ్ళకి కనిపిస్తుంది!

కిటికీ వెనక ఎల్‌ఇడి ప్యానెల్ బిగిస్తే సరిపోతుంది కదా అని ఎవరైనా అడగొచ్చు. పెద్ద కష్టమైన పనేం కాదు. పైగా క్రిస్మస్‌కి వేలమంది వస్తారు, చీకటి పడ్డాక వచ్చినవాళ్ళకి నల్లటి గాజు చూపించి పంపడం న్యాయమా? ఈ వాదనని నేను తేలిగ్గా కొట్టెయ్యలేను. పగలంతా పనిలో ఉండేవాళ్ళకి సాయంత్రమే తీరిక.

అయినా వద్దనే అంటాను. మబ్బు కమ్మితే ఆ నీలం ముదురుతుంది, ఎండ వాలితే రంగులు నేలమీద జరుగుతాయి. ప్యానెల్ పెడితే ఇరవైనాలుగ్గంటలూ ఒకేలా వెలిగే బోర్డు మిగుల్తుంది. అంతకన్నా పెద్ద నష్టం, అది వెనకవైపుని మూసేస్తుంది. లోపలికి రానివాళ్ళకి, రాలేనివాళ్ళకి రాత్రి దక్కుతున్న ఆ ఒక్క చూపూ పోతుంది. లోపలివాళ్ళ సౌకర్యం కోసం బయటివాళ్ళ వాటా తీసుకునే హక్కు ఎవరిచ్చారు?

అలాగని చీకట్లో కూర్చోమనడం లేదు. తనిజాకి 1933లో నీడల్ని మెచ్చుకుంటూ రాసిన పుస్తకం మనలో చాలామందికి ఇష్టం, నాకూ ఇష్టమే. కానీ చత్వారమొచ్చిన మామ్మగారు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సన్నక్షరాలు కూడబలుక్కుంటుంటే నీడల అందం గురించి మాట్లాడ్డం సిగ్గుచేటు. వెలుతురు ముందు ఆ పేజీ మీద పడాలి. కళ్ళల్లో గుచ్చకుండా, 2700 నుంచి 3000 కెల్విన్ల మధ్య, దీపం రంగుకి దగ్గరగా. కప్పుకీ స్తంభాలకీ మిగిలింది చాలు. రాతిలోకి మేకు దిగకూడదు. రేపు ఎవరికైనా నచ్చకపోతే ఆనవాలు లేకుండా విప్పెయ్యగలగాలి. మా సాఫ్ట్‌వేర్‌లో రోల్‌బ్యాక్ అంటాం.

చిక్కల్లా డబ్బు దగ్గర. కప్పు మీద పడే వెలుగు ఫోటోలో బ్రహ్మాండంగా వస్తుంది. మామ్మగారి పుస్తకం మీద పడేది రాదు. దాతల పేర్ల పలకకి మాత్రం ఎంత పొదుపు బడ్జెట్‌లోనైనా ఒక స్పాట్‌లైటు దొరుకుతుంది.