వృద్ధసేవ - వెల, విలువ

తిరుమల యాత్రకు తొలి గడప దేవుని కడప అని పెద్దలు చెప్పుదురు. ఏడుకొండలవానిని సేవింపబోవు యాత్రికులు ముందుగా ఇచ్చటి శ్రీ లక్ష్మీవేంకటేశ్వరుని దర్శించుకొని పోవుట పూర్వపు ఆచారము. కడప అను పేరే గడప అను మాట నుండి వచ్చినదని ఆ సీమలో వాడుక. గడప స్వభావము చిత్రమైనది. బయటికి పోవువానికిని లోపలికి వచ్చువానికిని అది యొక్కటే దారి. నేడు అనేక గృహములలో ఆ గడప దగ్గరనే ఒక ప్రశ్న నిలిచియున్నది. నడువలేని తల్లిని, చూపు తగ్గిన తండ్రిని ఇంటి లోపలనే ఉంచి సేవించుటయా, లేక వెల చెల్లించి వృద్ధాశ్రమమునకు పంపుటయా? ఈ రెండింటిలో ధర్మమేది?

ఈ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పువారు రెండు తెగలుగా నున్నారు. తల్లిదండ్రులను ఇల్లు దాటించుటయే మహాపాపమని కొందరందురు. నెలనెలా సొమ్ము పంపుచున్నాము గనుక ఋణము తీరినదని మరికొందరందురు. మొదటివారు చోటును చూచుచున్నారు, రెండవవారు సొమ్మును చూచుచున్నారు. మంచముపై నున్న మనిషిని ఇరువురును చూచుట లేదు.

కర్నూలు, కడప సీమలు వానకు మొగము వాచిన నేలలు. ఆదోని, కోసిగి, ఆలూరు ప్రాంతముల కూలి కుటుంబములు పంట చేతికి రాని ఏడు మూటాముల్లె కట్టుకొని మిరప కోతలకు గుంటూరు వైపునకో, కట్టడపు పనులకు బెంగుళూరునకో తరలిపోవుదురు. దీనినే ఆ ప్రాంతమువారు సుగ్గికి పోవుట అందురు. రాజంపేట, రాయచోటి వైపు గ్రామములనుండి కువైటుకు పోయినవారు ఎందరో కలరు. చదువుకొన్న పిల్లలు హైదరాబాదులోను, విదేశములలోను స్థిరపడినారు. ఊరిలో మిగులువారు ముసలివారు, వారికి అప్పగింపబడిన పసివారు. ఇట్టి వృద్ధులలో చాలమంది పిల్లలు విడిచిపెట్టినవారు కారు; పిల్లలు విడిచిపోక తప్పనివారు. ఈ భేదమును గుర్తింపక సుగ్గికి పోయిన కొడుకును నిందించుట న్యాయము కాదు. అతడు ఊరిలోనే యున్నచో తండ్రికి తోడు దొరకును గాని, కూడు దొరకదు.

ఇక వెల సంగతి విచారింతము. ఇంటిలో చేయు సేవకు ఖర్చు లేదనుట లెక్క తెలియని మాట. ఉపాధి హామీ పథకము కింద 2025-26 సంవత్సరమునకు మన రాష్ట్రములో నిర్ణయింపబడిన రోజుకూలి 307 రూపాయలు. మంచము పట్టిన అత్తగారి కొరకు పనికి పోక ఇంట నిలిచిన కోడలు నెలకు ఇరువదియైదు దినముల కూలి వదలుకొన్నచో, ఆ మొత్తము 7,675 రూపాయలగును. 2024 జూలై నుండి రాష్ట్ర ప్రభుత్వము పంచుచున్న వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. పింఛను పోగా మిగిలిన 3,675 రూపాయలను ఆ ఇల్లు ప్రతి నెల చెల్లించుచునే యున్నది. కాని దానిని ఏ పద్దులోను వ్రాసికొనరు. ఆ కోడలి నడుమునొప్పిని, తెగిన నిద్రను అసలే వ్రాసికొనరు. కొడుకు తల్లిని బాగుగా చూచుకొనుచున్నాడని ఊరివారు మెచ్చుకొందురు. చూచుకొనుచున్న చేతులు ఎవరివో అడుగరు.

వృద్ధాశ్రమముల లెక్క మరియొక విధమైనది. పగలనక రేయనక పిలిచినపుడెల్ల ఒక మనిషి పలుకవలెనన్నచో, ఎనిమిది గంటల చొప్పున ముగ్గురు పనివారు కావలెను. ఆ 307 రూపాయల లెక్కనే చూచినను ముగ్గురికి రోజునకు 921 రూపాయలు, ముప్పది దినములకు 27,630 రూపాయలు. ఇది తిండికి, మందులకు, అద్దెకు సంబంధము లేని ఖర్చు. ఈ ముగ్గురి సేవను పదిమంది వృద్ధులు పంచుకొన్నచో ఒక్కొక్కరి వంతు 2,763 రూపాయలు. ఇరువదిమంది పంచుకొన్నచో 1,382 రూపాయలలోపే. కావున ఒకచోట రుసుము తక్కువగా నున్నదనగా, దాత యెవరో ఆ లోటును భరించుచుండవలెను. లేదా ఒక్క మనిషి చేతులు ఎక్కువమందికి పంచబడుచుండవలెను. నెలకు ఎంత అని అడుగువారు చాలమంది కలరు. అర్ధరాత్రివేళ ఎంతమందికి ఒక్క మనిషి అని అడుగువారు అరుదు. వెలకును విలువకును నడుమ నున్న రహస్యమంతయు ఆ రెండవ ప్రశ్నలోనే దాగియున్నది.

రుసుము హెచ్చినంతమాత్రమున సేవ హెచ్చునని కూడ తలపరాదు. నునుపైన చలువరాతి నేల, వాకిట పూలతోట చూడవచ్చిన కొడుకు కంటికి ఇంపు గొలుపును. కాలు వణకు తల్లికి ఆ నునుపే శత్రువు. స్నానాల గదిలో పట్టుకొనుటకొక కమ్మీ, కాలు జారని నేల, మెట్లకు బదులు వాలుదారి, మంచము నుండి అందునంత దూరములో పిలుపుగంట ఆమెకు కావలసినవి. వృద్ధుల నివాసములకై 2019లో కేంద్ర గృహనిర్మాణ మంత్రిత్వశాఖ వెలువరించిన నమూనా మార్గదర్శకములు ఇట్టి ఏర్పాట్లనే ముఖ్యముగా పేర్కొన్నవి. తిండి విషయమును ఇట్టిదే. ఏబది సంవత్సరములు రాగి సంగటికి, జొన్న రొట్టెకు అలవాటుపడిన నాలుకకు పట్నపు ఫలహారము ఖరీదైనదే కావచ్చును, హితమైనది కాకపోవచ్చును.

సేవ యొక్క విలువను తూచుటకు మహాభారతములోని ఆశ్రమవాస పర్వమును మించిన త్రాసు లేదు. కురుక్షేత్ర యుద్ధానంతరము ధృతరాష్ట్రుడు పదునైదు సంవత్సరములు పాండవుల యింటనే యున్నాడు. ఆ వృద్ధునకు ఏ లోటును రానీయరాదని ధర్మరాజు ఆజ్ఞాపించినాడు. అన్నము, వస్త్రము, శయ్య, పరిచారకులు, దానధర్మములకు ధనము, అన్నియు రాజు తగినట్లే సమకూర్చినాడు. వెలలో లోపము లేదు. అయినను భీముడు అన్నకు తెలియకుండ ఆ వృద్ధుని చెవిని పడునట్లు భుజములు చరచి, నీ కుమారులను చంపిన చేతులివే యని పలుకుచుండెడివాడు. రాజభవనములోని అన్నమంతయు ఆ ఒక్క మాటతో చేదయినది.

ఇందు గమనింపదగిన సూక్ష్మము మరియొకటి కలదు. ఆ సంగతి ధర్మరాజునకు తెలియదు, ధృతరాష్ట్రుడు చెప్పలేదు. పోషింపబడువాడు ఫిర్యాదు చేయుటకు జంకును. తాను చెప్పినచో పెట్టుచున్న చేయి మరింత బిగియునేమో యని అతని భయము. కువైటులోని కొడుకు ఫోనులో, ‘అమ్మా, బాగున్నావా?’ అని అడిగినపుడు, ప్రక్కన కోడలో, ఆశ్రమపు ఆయాయో నిలిచియుండగా, ‘బాగున్నాను నాయనా’ అనుట తప్ప ఆ తల్లి ఏమనగలదు? అంతటి ధర్మరాజునకే తన యింట జరుగునది తెలియలేదన్నచో, సొమ్ము పంపి ఊరకున్న కుమారునకు ఎట్లు తెలియును? కనుక చెల్లించుట ధర్మములో సగభాగమే. వెళ్లి, ఏకాంతమున ప్రక్కన కూర్చుండి, వినుట మిగిలిన సగము.

ఆ పర్వముననే కుంతీదేవి కథ కూడ కలదు. ధృతరాష్ట్ర గాంధారులు వనమునకు బయలుదేరినపుడు ఆమెయు వారి వెంట నడచినది. కుమారులు కన్నీటితో వేడుకొన్నను మరలలేదు. రాజ్యమేలు బిడ్డల యిల్లు కాదని వృద్ధులైన బావగారికి, అక్కగారికి శుశ్రూష చేయుటకై వెళ్లినది. ఇల్లు విడుచుట ఆమెకు అవమానము కాలేదు. ఆమె యెన్నుకొన్న ఆశ్రమమైనది. పెద్దలను వెళ్లగొట్టుట వేరు, పెద్దలు తామై వెళ్లుట వేరు. తల్లికి తన ఈడువారి తోడు కావలెనని యున్నను, లోకము ఏమనుకొనునో యని ఇంటిలో బంధించు కుమారుడు ఆమెను గాక తన పరువును సేవించుచున్నాడు. నాకు ఈ వాకిలి చాలునని తండ్రి కన్నీరు పెట్టుకొనుచుండగా ఖరీదైన ఆశ్రమమున చేర్చువాడు తన సౌకర్యమునే సేవించుచున్నాడు. ఇరువురును అడుగవలసిన వారిని అడుగలేదు.

వెలకు చేయు సేవ సేవయే కాదను వాదము కొందరిది. ఇదియును నిలువదు. ఆలయమున అర్చకస్వామికి సంభావన కలదు, పరిచారకునకు జీతము కలదు, పాచకునకు భృతి కలదు. అంతమాత్రమున వారు చేయునది కైంకర్యము కాకపోదు. కైంకర్యమును నిర్ణయించునది చేతిలో పడిన నాణెము కాదు, చేయునప్పటి మనస్సు. జీతము తీసికొనియే వృద్ధురాలి పుండును ఓర్పుతో కడుగు ఆయా భాగవత కైంకర్యమే చేయుచున్నది. జీతము లేకయే విసుగుతో కంచము విసరువాడు కడుపున పుట్టినవాడైనను సేవకుడు కాడు. గీతాచార్యుడు దానమును మూడు విధములుగా విభజించినాడు. ఇది నా విధి యని, ప్రతిఫలము కోరక, తగిన చోట, తగిన వేళ ఇచ్చునది సాత్త్వికము. ఫలమును చూచుకొని, మనస్సు నొచ్చుకొనుచు ఇచ్చునది రాజసము. ఆదరము లేక, అవమానించుచు ఇచ్చునది తామసము. ఆస్తి వ్రాసి యిచ్చువరకు సాగి, ఆపై చల్లారు సేవ యేదియో పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

అయిన చోట బిడ్డ వంతు ఏమి మిగులును? భారమును మరియొకరికి అప్పగింపవచ్చును, బంధమును అప్పగింపరాదు. ఎత్తి కూర్చుండబెట్టుట, మందులు వేళకు ఇచ్చుట భారము. అది నేర్పుగల పరాయి చేతులలో మరింత బాగుగ జరుగవచ్చును. పేరు పెట్టి పిలుచుట, పాత మాట మరల చెప్పినను క్రొత్తగా వినుట బంధము. ఇది అంగడిలో దొరకునది కాదు. పండరీపురమున పుండరీకుడు తల్లిదండ్రుల పాదములొత్తుచుండగా, వచ్చిన స్వామికి ఇటుక చూపి నిలువుమన్నాడని స్థలపురాణము. స్వామి కోపింపలేదు, నిలిచినాడు, నేటికిని నిలిచియున్నాడు. తాను నిరీక్షింపదగినంత గొప్పపని ఆ గుడిసెలో జరుగుచున్నదని ఆయన యెరుగును.

ధర్మము సన్నగిల్లిన చోట శాసనము తోడు రావలసివచ్చినది. 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును చేసినది. పోషణకు నోచుకొనని తల్లిదండ్రులు రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతన గల ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ చట్టము ప్రకారము విధింపదగు పోషణ భృతి నెలకు 10,000 రూపాయలకు మించదు. నిరుపేద వృద్ధులు కనీసము 150 మందికి సరిపడు ఆశ్రమమును జిల్లాకు ఒకటియైన నెలకొల్పవలెనని ఆ చట్టము సంకల్పించినది. చూచుకొందురను షరతుతో ఇచ్చిన ఆస్తిని, చూచుకొనని పక్షమున రద్దు చేయించుకొను హక్కును కూడ 23వ విభాగము కల్పించినది. దాన సెటిల్మెంటు దస్తావేజులో ఆ షరతును స్పష్టముగ వ్రాయించుకొనుట పెద్దలకు క్షేమకరము. 14567 అను నంబరునకు ఫోను చేసినచో వృద్ధులకు ఉచితముగ సలహా లభించును. ఐనను శాసనము భృతిని ఇప్పించగలదు, ప్రీతిని ఇప్పింపలేదు.

కావున ఆశ్రమమును చూడబోవువారు రుసుము పట్టికను చూచిన పిమ్మట మరికొన్నిటిని చూడవలెను. ముందుగా చెప్పక, సాయంసంధ్య దాటిన వేళ వెళ్లవలెను. మంచము పట్టినవారి గదిని చూడవలెను; ఆ గది వాసన ఏ కరపత్రము కన్నను నిజము చెప్పును. అక్కడి వృద్ధులు పనివారిని చూచినపుడు మాట ఆపుచున్నారో, నవ్వుచున్నారో గమనింపవలెను. తిరుమణి దిద్దుకొనుటకు, ఏకాదశి పాటించుటకు, తెల్లవారుజామున సహస్రనామము చదువుకొనుటకు వీలున్నదో లేదో విచారింపవలెను. వారి చేతులకు తులసి మాల కట్టుట వంటి చిన్న పనియైనను కలదా యని అడుగవలెను. ఏ పనియు లేని మనిషి, తిండికి లోటు లేకున్నను తనను తాను బరువుగా తలచును. ఇంటివారును ఇవే ప్రశ్నలను తమ యింటిని గూర్చి వేసికొనవలెను. ఈ పరీక్షలో ఓడిపోవు ఇండ్లు తక్కువ కావు.

ఎగువ అహోబిలమును ఎక్కి నృసింహుని సేవించు శక్తి వార్ధక్యమున అందరికి నుండదు. అట్టివారికొరకే యన్నట్లు దిగువ అహోబిలములో ప్రహ్లాదవరదుడు లక్ష్మీసమేతుడై సుఖాసీనుడైయున్నాడు. కొండ ఎక్కలేనివాని యొద్దకు దిగివచ్చుట భగవంతుని సౌలభ్యము. మంచము దిగలేనివాని యొద్దకు నడచిపోవుట మనుష్యుని ధర్మము. తల్లి యింటనున్నను, ఆశ్రమమున నున్నను, ఆమె చూపు గడపవైపే యుండును. యాత్రకు బయలుదేరువారు ముందు ఆ గడప నొకసారి దాటి లోపలికి వెళ్లి, ఆమె చెంత కొంతసేపు కూర్చుండవలెను. స్వామి పుండరీకుని కొరకు వేచియుండినట్లే, వారి కొరకును వేచియుండును.