సభాపతి ధర్మము

మానవునకు పరమేశ్వరు డొసగిన సంపదలలో వాక్కు మిక్కిలి గొప్పది. నలుగురు చేరిన చోట పలుకబడినపుడే అది తత్త్వవిచారమునకు తోడ్పడును. విచారణ లేనిచోట ధర్మనిర్ణయము లేదు. అందువలననే ప్రాచీనులు సభకు అంత గౌరవ మిచ్చిరి. పూర్వము సభలు రాజభవనములందును, దేవాలయ మండపములందును, పండితుల యిండ్లయందును జరిగెడివి. నేడు ఫేస్‌బుక్, యూట్యూబ్ వంటివి కోట్లాది జనులకు సభాస్థలములైనవి. ఇవి ప్రభుత్వమునకు చెందినవి కావు, వ్యాపారసంస్థల సొత్తు. ఆ సంస్థలు తమకు తగదని తోచిన మాటను తొలగించుచున్నవి, పలికినవానిని వెలివేయుచున్నవి. ఇల్లు తనదైనంత మాత్రమున వచ్చినవాని నోరు మూయించుట ధర్మమగునా యనునది విచారింపదగిన ప్రశ్న.

యజమాని పక్షమున చెప్పదగినది కొంత కలదు. భారత రాజ్యాంగము 19వ అధికరణమున పౌరులకు వాక్స్వాతంత్ర్యము నొసగినది. అది ముఖ్యముగా ప్రభుత్వమును కట్టడి చేయుటకు ఏర్పడినది కాని, ప్రతి గృహస్థుడును అడిగినవారి కెల్ల తన యింట వేదిక నీయవలెనని దాని భావము కాదు. హరికథ జరుగుచున్న మండపమున ఒకడు లేచి కేకలు వేసినచో నిర్వాహకులు వానిని కూర్చుండబెట్టుదురు. వినడేని బయటికి పంపుదురు. అది అధర్మమని ఎవ్వరును అనరు. కథ వినవచ్చిన వందమందికి వినుటకు హక్కు కలదు గదా!

అయినను అధికారము వేరు, ధర్మము వేరు. వనపర్వమున ధృతరాష్ట్రుడు విదురుని హితము చెప్పుమని అడిగెను. పాండవుల రాజ్యమును పాండవులకే యిచ్చుట మేలని విదురుడు చెప్పగా, ఆ మాట సహింపక, ఇచ్చ వచ్చిన చోటికి పొమ్మనెను. సభ తనది, సింహాసనము తనది. పొమ్మనుటకు అధికారమును కలదు. విదురుడు కామ్యకవనమునకు పోయి పాండవులను చేరెను. పిదప ఆ వృద్ధరాజే పశ్చాత్తాపపడి, సంజయుని పంపి తమ్ముని రప్పించుకొనెను. విదురుడు సభామర్యాద తప్పినవాడు కాడు. రాజునకు రుచింపని మాట చెప్పుటయే అతని నేరము.

మరి రుచికిని నియమమునకును గల భేద మెట్లు తెలియును? దీనికి న్యాయశాస్త్రమున చక్కని మార్గము కలదు. గౌతమ మహర్షి చర్చను వాదము, జల్పము, వితండ యని మూడు విధములుగా విభజించెను. తత్త్వము తెలియగోరి చేయునది వాదము. గెలుపు కోరి చేయునది జల్పము. స్వపక్షమును స్థాపింపక పరపక్షమును ఖండించుటయే పనిగా గలది వితండ. వాది యెచ్చట ఓడినట్లు లెక్కింపవలెనో తెలుపుటకు 22 నిగ్రహస్థానములను ఆయన చెప్పెను. తాను చేసిన ప్రతిజ్ఞను విడుచుట, ప్రస్తుతమునకు సంబంధము లేని మాట తెచ్చుట, అర్థరహితముగా పలుకుట మొదలగునవి అందు చేరినవి. సభాపతికి ఇష్టము లేని మతము చెప్పుట యనునది ఆ 22లో ఎక్కడను లేదు. పైగా ఇవి చర్చ ఆరంభము కాకమునుపే ఉభయులకును తెలిసియుండునవి. నడుమ క్రొత్త నియమము పుట్టించి ఓడించుట న్యాయము కాదు.

నియమముతో పాటు నిష్పక్షపాతియైన నిర్ణేతయు కావలెను. శంకర భగవత్పాదులు మండనమిశ్రునితో ఆయన యింటనే వాదించిరని శంకరవిజయ కథ చెప్పును. ఇల్లు మండనునిది, తీర్పు చెప్పవలసినది ఆయన ధర్మపత్ని ఉభయభారతి. ఆమె ఇరువురి మెడలందును పుష్పమాలలు వేసి, ఎవరి మాల వాడునో వారు ఓడినట్లని ముందుగానే తెలిపెను. వాడినది భర్త మాల. ఆ సంగతిని ఆమె దాచలేదు.

ఇట్టి నిర్ణయము నేటి సంస్థలకును అసాధ్యము కాదు. 2021 జనవరి 6వ తేదీన అమెరికా పార్లమెంటు భవనముపై మూక దాడి జరిగినపుడు, ఆనాటి అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ వ్రాతలు హింసకు దోహదమగుచున్నవని ఫేస్‌బుక్ ఆయనను గడువు చెప్పకుండ నిలిపివేసినది. ఆ సంస్థయే ధనమిచ్చి నెలకొల్పిన పర్యవేక్షణ మండలి ఆ సంవత్సరము మే నెలలో తీర్పు చెప్పినది. ఆయనను నిలుపుట యుక్తమే. కాని గడువు లేని శిక్ష సంస్థ నియమములలోనే లేదు గనుక దానిని సరిదిద్దవలెనని ఆ తీర్పు సారాంశము. పిదప సంస్థ ఆ శిక్షకు రెండేండ్ల గడువు నిర్ణయించినది. యజమాని యింట నుండియే యజమాని తప్పును చెప్పుట ఉభయభారతి చూపిన మార్గము.

ఇచ్చట నొక ఆక్షేపము కలదు. పూర్వము సభలో ఒకడు అసత్యమాడినచో అచ్చటనే మరియొకడు ఖండించెడివాడు. నేడు ఒక అపవాదు క్షణములో లక్షలమందిని చేరును. ఖండనము చేరునప్పటికి జరుగవలసిన కీడు జరిగిపోవును. కావున అసలు తొలగింపనే రాదనుట పొసగదు. ఫలానివానిని కొట్టుడని జనులను పురికొల్పుట వాదము కాదు, జల్పము కాదు, వితండ సైతము కాదు. దానిని నిలుపుటకు జాగు చేయరాదు. కాని నిలిపినవాడు కారణము చెప్పవలెను; తిరిగి వచ్చుటకు ద్వారము తెరచియుంచవలెను.

జనకుని సభలో గార్గి ప్రశ్నమీద ప్రశ్న వేయగా, మితిమీరి అడుగవలదని యాజ్ఞవల్క్యుడు హెచ్చరించెను. ఆమె ఊరకుండెను. అంతమాత్రమున ఆమెను ఎవ్వరును సభనుండి వెడలగొట్టలేదు. పిదప ఆమె మరల లేచి, బ్రాహ్మణుల అనుమతితో రెండు ప్రశ్నలు అడిగెను. వానికి వచ్చిన సమాధానమే అక్షరబ్రహ్మమును గూర్చిన బోధగా బృహదారణ్యకమున నిలిచినది. ద్వారము మూసియుండినచో ఆ బోధ లోకమునకు దక్కెడిదా? పెద్ద వేదికలు ఒకరి వ్రాతను తమంతట తొలగించునపుడు కారణము తెలిపి, ప్రతివాదమునకు అవకాశ మీయవలెనని 2021లో భారత ప్రభుత్వము చేసిన నియమములును ఈ మర్యాదనే కోరుచున్నవి.

ఆస్తికులు ఈ విషయమున తమ్ము తామును పరీక్షించుకొనవలెను. తమ యిష్టదైవమును విమర్శించిన మాట కనబడినంతనే తొలగింపుమని కోరువారు, తమ స్తోత్రమును ఇంకొకరు తొలగించిననాడు ఏ ధర్మమును చూపి అడుగగలరు? 14వ శతాబ్దమున మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహమును చార్వాక దర్శనముతోనే ఆరంభించెను. చార్వాకుల మూలసూత్రగ్రంథము నేడు లభింపదు. వారిని ఖండించినవారి గ్రంథములలోనే వారి వాక్కు చాలవరకు నిలిచియున్నది. పూర్వపక్షమును బలముగా చెప్పిన పిదపనే సిద్ధాంతమును చెప్పుట పెద్దల ఆచారము.

నేడు భక్తులు ఫోనులలో సత్సంగ సమూహములు నడుపుచున్నారు. దేవుడుండగా కష్టము లేలయని ఒక పిన్నవాడు అందు అడిగినంతనే, సమూహమునకు పెద్దయైనవాడు వాని పేరు తీసివేసినచో ఒక జిజ్ఞాసువు దూరమగును. దూషించువానిని వారించుట సభారక్షణము. సందేహించువానికి సమాధానము చెప్పుట సభాధర్మము. ఈ రెండింటికి గల భేదము నెరుగు వివేకమును సర్వేశ్వరుడు వేదికల యజమానులకును, సత్సంగముల పెద్దలకును ప్రసాదించుగాక!